సున్నపురాతిలో సముద్రసాక్ష్యం: ప్రాచ్యవిద్యాభ్యాసకుల బాధ్యత

తెలుగునాట గుండ్రాళ్ళ గుట్ట కనబడిన చోటనల్లా 'ఇక్కడ ఒకప్పుడు సముద్రముండేది' అనటం పరిపాటి. సికింద్రాబాదు సమీపాన గల మౌలాలి గుట్టను గురించి కూడ ఇటువంటి మాట వినబడుతూ ఉంటుంది. మత్స్యావతార ఘట్టాన్ని బోధించే సందర్భంలో ఇటువంటి గుట్టలను, ఎక్కడో దొరికిన రాతిచిప్పలను ప్రళయానికి నిదర్శనాలుగా చూపించటం మన ప్రాచ్య కళాశాలల్లో సైతం లేకపోలేదు. రాయి ఏమి చెబుతున్నదో, ఏమి చెప్పటం లేదో తెలిసికొని మాట్లాడవలసిన బాధ్యత భూవైజ్ఞానికునికి ఎంత ఉన్నదో, గ్రంథపరిష్కరణ విద్య నేర్చిన మనకు కూడ అంత ఉన్నదని నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి గల కారణాలను ఈ వ్యాసంలో నివేదిస్తాను.

ముందుగా మౌలాలి సంగతి. ఈ గుట్ట గ్రానైటు శిల. సుమారు 250 కోట్ల సంవత్సరాల క్రితం భూమి లోపల కరిగి ఉన్న శిలాద్రవం చల్లబడి గట్టిపడగా ఏర్పడినది. దాని గుండ్లు అలల తాకిడికి నునుపెక్కినవి కావు. శిలలోని నెఱ్ఱెల వెంట నీరు చేరి, ఎండకు వానకు మూలలు అరిగి, పొరలు పొరలుగా ఊడిపోగా మిగిలిన నడిమి భాగాలు. కరిగిన ద్రవం నుండి పుట్టిన రాతిలో చిప్ప కాని చేపముల్లు కాని దొరకే అవకాశం లేదు. అయితే ఆ గుట్ట పరిసరాలలోనూ జంటనగరాలలోనూ పాత ఇళ్ళ లోగిళ్ళలో పరచిన తాండూరు బండ, షాబాదు బండ మాత్రం నిజంగా సముద్రపు అడుగున ఏర్పడిన సున్నపురాయే. కర్నూలు సీమ నుండి వచ్చే బేతంచెర్ల బండ కూడ అట్టిదే. కొండను చూచి సముద్రమనుకొనేవారు తాము కూర్చున్న నేల సముద్రమని గ్రహించకపోవటం విచిత్రం.

ఆ బండలలో మాత్రం గుల్లలు ఎందుకు కనబడవని అడగవచ్చును. అవి ఏర్పడిన నాటికి గట్టి చిప్ప కట్టుకొనే జంతువులు ఇంకా పుట్టలేదు. అంతకంటె ప్రాచీనమైన కడప సీమలోని వేంపల్లె శిలలలో, సుమారు 190 కోట్ల సంవత్సరాల నాటి నిస్సారపు సముద్రపుటొడ్డున సూక్ష్మజీవులు పొరమీద పొర పేర్చిన గోపురాల వంటి ఆకృతులు దొరకుతాయి. వీటిని స్ట్రొమటోలైట్లు అంటారు. తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నది ఇటువంటి శిలలోనే. కాబట్టి సముద్రముండి చిప్పలు లేకపోవచ్చును. అట్లే జలచరముండి సముద్రం లేకపోవచ్చును. ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట గ్రామం పేరుతో ప్రసిద్ధమైన సున్నపురాతిలో చక్కని పొలుసులతో సహా చేపలు దొరికాయి. వాటిలో లెపిడోటస్ డెక్కనెన్సిస్ అనే దానిని ఈగర్టన్ 1851లోనే వర్ణించారు. కాని ఆ పొరలు ప్రధానంగా మంచినీటి సరస్సులో ఏర్పడినవని పరిశోధకుల సాధారణాభిప్రాయం. చేప కనబడగానే సముద్రమని నిర్ణయించరాదనటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అక్కరలేదు.

నిస్సందేహంగా సముద్రజీవులదే అయిన సున్నపురాయి తెలుగుదేశంలో చూడదలచినవారు గోదావరీ తీరానికి పోవాలి. రాజమహేంద్రవరాన్ని ఆనుకొని ఉన్న కాతేరు వద్దనూ, నదికి ఆవలి ఒడ్డున పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం ప్రాంతాలలోనూ ఈ పొరలు బయటపడి ఉన్నాయి. వాటి వరుస ఇట్టిది. అన్నిటికంటె అడుగున ఇసుకరాయి, సున్నపురాయి. ఇందులో టరిటెల్లా అనే, సూదిగా మెలిక తిరిగిన సముద్రపు నత్త గుల్లలు విరివిగా ఉంటాయి. దానిపై నల్లరాయి, అనగా గడ్డకట్టిన లావా. ఆ లావాపై మరల సున్నపురాయితో కూడిన పలుచని పొర. ఇందులో గుల్లలూ, కంటికి ఆనని ఫొరామినిఫెరా జీవుల కవచాలూ ఉంటాయి. కాతేరు వద్ద ఉప్పునీటి జీవులతో పాటు మంచినీటిలో పెరిగే కారా జాతి నాచుల అవశేషాలు కూడ దొరకటం వల్ల అది నదీముఖ ప్రాంతమని ఊహించారు. ఆ పొరపై మరల లావా. ఆదికవి భారత రచనకు పూనుకొన్న నగరానికి ఇంత చేరువలో, రెండు నల్లరాతి అట్టల నడుమ సముద్రం వ్రాసిపోయిన ఒక పుట ఉన్నదని మన విద్యార్థులలో ఎందరికి తెలుసును?

ఈ పుటను చదవటానికి పట్టిన కాలం గమనింపదగినది. నాగపూరులో మిషనరీగా ఉన్న స్టీఫెన్ హిస్లాప్ 1860లో ఇక్కడి గుల్లలను లండను భూవైజ్ఞానిక సంఘ పత్రికలో వర్ణించారు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1880లో గోదావరి జిల్లా కోస్తా శిలలను గురించి వివరమైన గ్రంథాన్ని వెలువరించారు. దక్కను నల్లరాయి రాక్షసబల్లుల కాలపు చివరిదా, తరువాతి యుగపుదా అన్న వాదం బహుకాలం నడిచింది. 1939లో ఎస్. ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు కాతేరు ప్రాంతపు ఫొరామినిఫెరాలను ప్రకటించి ఆ వాదానికి కొత్త సాక్ష్యాన్ని చేర్చారు. తరువాత 2008లో గెర్టా కెల్లర్, ఆమె సహపరిశోధకులు ఈ క్వారీలలోని నడిమి పొరను పరిశీలించి, రాక్షసబల్లులతో సహా అనేక జీవజాతులు నశించిన వెంటనే సముద్రంలో తలయెత్తిన సూక్ష్మజీవులు అందులో ఉన్నవని చూపించారు. అనగా అడుగు లావా ఆ మహావినాశనానికి దగ్గరి కాలపుది. అది సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల నాటి మాట. లావా రసాయన లక్షణాలు మహాబలేశ్వరం ప్రాంతపు లావాతో సరిపోలటం వల్ల, అది పడమటి కనుమల వైపు నుండి ప్రాచీన నదీలోయల వెంట ఇంచుమించు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి ఇచ్చటి సముద్రతీరాన్ని చేరినదని పరిశోధకులు భావిస్తున్నారు. ప్రపంచంలో జీవచరిత్రను మలుపు తిప్పిన ఘట్టానికి సాక్ష్యం చెప్పే పొరలు లెక్కకు వచ్చేవి కొన్నే. వాటిలో ఒకటి దుద్దుకూరులో ఉన్నది.

ఈ చరిత్ర విన్నప్పుడు మనకు మన విద్య గుర్తుకు రావాలి. మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవాన్ని 1909లో ప్రకటించినప్పుడు ఆ కావ్యకాలాన్ని గురించి ఎంత వాదం జరిగినదో మనమెరుగుదుము. వాదించినవారు మరల మరల పోయినది ప్రతుల వద్దకే. ఏ ప్రతి ఎక్కడిది, ఏ పద్యం తరువాత ఏ పద్యమున్నది, ఎక్కడ గ్రంథపాతమున్నది, ఏది ప్రక్షిప్తమన్న ప్రశ్నలు వేయకుండ కావ్యకాలనిర్ణయం సాధ్యం కాదు. భూవైజ్ఞానికుడు వేసే ప్రశ్నలు కూడ ఇవే. ఈ గుల్ల ఏ పొరలోనిది? దానికి పైన ఏమున్నది, క్రింద ఏమున్నది? మధ్యలో కాలం లోపించినదా? పాత పొర నుండి కొట్టుకొనివచ్చి కొత్త పొరలో చేరిన గుల్లలు ఉంటాయి. వాటిని గుర్తించకపోతే కాలనిర్ణయం తప్పుతుంది. ఇది ప్రక్షిప్తాన్ని గుర్తించటం వంటిదే. తాళపత్ర గ్రంథం నుండి ఊడిన ఒక్క ఆకు, ఏ గ్రంథంలోనిదో తెలియకపోతే, ఎంత అందంగా ఉన్నా చరిత్రకు పనికిరాదు. పొర నుండి ఊడదీసి అద్దాల బీరువాలో పెట్టిన గుల్ల కూడ అంతే. దాని ఊరు, పొర, లోతు వ్రాసి ఉంచనినాడు అది వట్టి వింత వస్తువు మాత్రమే.

ఇక మాట సంగతి. తెలుగు పాఠ్యగ్రంథాలలో 'శిలాజం' అనే పదం స్థిరపడినది. జన్ ధాతువుపై 'డ' ప్రత్యయం చేర్చి ఈ పదాన్ని సాధించాలి. శిలయందు పుట్టినదని సప్తమితోనూ, శిలవలన పుట్టినదని పంచమితోనూ విగ్రహం చెప్పవచ్చును. ఏ విధంగా చెప్పినా రాతిలో పుట్టిన పదార్థమనే అర్థం వస్తుంది. కాని ప్రకృతిలో జరిగినది తలక్రిందులు. జీవి ముందు పుట్టినది, అది తరువాత రాయి అయినది. ఐరోపాలో సైతం మొదట ఇదే చిక్కు ఉండేది. భూమిలోని ఒకానొక శక్తి రాతిలోనే చిప్పల ఆకారాలను పుట్టిస్తుందని అక్కడి పండితులు చాలకాలం నమ్మారు. సొరచేప తలను కోసి చూచిన నికొలస్ స్టెనో, 'నాలుకరాళ్ళు' అని జనం పిలిచేవి ప్రాచీన సొరచేపల పండ్లేనని 1667లో వాదించి ఆ నమ్మకాన్ని సడలించాడు. వారు వదిలివేసిన సిద్ధాంతం మన పారిభాషిక పదంలో, మనకు తెలియకుండానే, నిలిచి ఉన్నది.

ఉత్తరాది భాషలలో వాడుకలో ఉన్న 'జీవాశ్మం' జీవి అశ్మమైనదన్న అర్థాన్ని ఇస్తుంది. కన్నడంవారు ప్రాచీనావశేషమనే అర్థంలో 'పళెయుళికె' అన్నారు. తమిళంలో ప్రాచీన జీవుల మిగులు అని అర్థమిచ్చే పదం ఉన్నది. యాభై అరవై ఏళ్ళుగా వాడుకలో నలిగిన 'శిలాజం'ను తొలగించమని నేను అనటం లేదు; రూఢి వ్యుత్పత్తికంటె బలమైనదని మనమే పాఠం చెబుతాము. కాని ఆ పదం రూఢమే తప్ప యౌగికం కాదని బోధించవలసినవారము మనమే. రూఢార్థాన్ని విడిచి వ్యుత్పత్తిని పట్టుకొన్న విద్యార్థి రాయి తనంత తాను చిప్పను కన్నదనుకొంటే ఆ దోషం వ్యాకరణం చెప్పినవారిది అవుతుంది. సందేహానికి తావున్నచోట 'జీవాశ్మం' అని వాడటం మేలు.

సాలగ్రామం ఈ చర్చకు మరొక ముఖం. గండకీ నదిలో దొరకే ఈ నల్లని శిలలలో పెక్కింటి లోపల చుట్టచుట్టిన చక్రాకృతి ఉంటుంది. హిమాలయాలు లేవక పూర్వం అక్కడ ఉండిన సముద్రంలో బ్రతికిన అమ్మొనైటు జీవుల కవచం అది. సాలగ్రామ లక్షణాలను చెప్పిన పురాణ భాగాలను చదివినవారికి వాటి పరిశీలనాశక్తి ఆశ్చర్యం కలిగిస్తుంది. చక్రాలెన్ని, ద్వారమెక్కడ, వర్ణమేది, రేఖలెట్లున్నవి అని వారు చూచి, ఆ భేదాలను బట్టి నామాలు నిర్ణయించారు. వజ్రకీటం శిలను తొలచి చక్రాన్ని చేసినదన్న ఐతిహ్యంలో ఆ ఆకృతికి ప్రాణితో సంబంధమున్నదన్న ఊహ తొంగిచూస్తుంది. ఇంతవరకు చెప్పటం న్యాయం. అంతటితో ఆగక, మన పూర్వులకు అమ్మొనైటులు తెలుసునని, జీవపరిణామాన్ని వారు ముందే చెప్పారని అనటం న్యాయం కాదు. గ్రంథంలో లేని అర్థాన్ని గ్రంథానికి అంటగట్టటం వ్యాఖ్యాతకు దోషమని మనకు తెలియదా? వారు చూచినదానికి గౌరవం ఇవ్వాలంటే, వారు చూడనిదానిని వారికి అప్పగించకూడదు.

సాలగ్రామాన్ని అర్చించేవారి భక్తికి అమ్మొనైటు అన్న పేరు వల్ల వచ్చే లోటేమీ లేదు. మౌలాలి గుట్ట మీద హజ్రత్ అలీ హస్తముద్రగా భక్తులు కొలిచే శిల ఉన్నది. దాని ఐతిహ్యం ఇబ్రహీం కుతుబ్‌షా కాలంతో ముడిపడినది. ఆ గుట్ట గ్రానైటు వయస్సును లెక్కకట్టినవారు ఆ మొక్కుబడులకు అడ్డు రాలేదు. మొక్కినవారు ఆ లెక్కకు అడ్డు చెప్పలేదు. ఒకే రాయికి రెండు విధాల గౌరవం దక్కవచ్చును. ఒక గౌరవాన్ని రెండవదానికి రుజువుగా వాడినప్పుడే చిక్కు మొదలవుతుంది.

ప్రళయ నిదర్శనం అన్న వాదాన్ని ఈ దృష్టితోనే పరిశీలించాలి. దుద్దుకూరు పొరల వరుసను మరొకసారి చూడండి: సముద్రం, లావా, మరల ఉప్పునీరు, మరల లావా. ఒక్క జలప్రళయంతో ఈ వరుస పొసగదు. పైగా ప్రళయం వచ్చి పోయినదనుకొంటే, నత్తలు తరతరాలుగా బ్రతికి చచ్చి పొరలుగా పేరుకొనే తీరిక ఎక్కడిది? ఐరోపాలో ఈ దారి తొక్కినవారి గతి మనకు హెచ్చరిక కావాలి. 1726లో స్విట్జర్లండు పండితుడు షోయిక్‌జర్ ఒక రాతిలోని అస్థిపంజరాన్ని చూచి, బైబిలు జలప్రళయంలో మునిగి చచ్చిన మానవుడని గ్రంథం వ్రాశాడు. తరువాతి శతాబ్ది తొలినాళ్ళలో కువియే దానిని పరీక్షించి పెద్ద సాలమాండరు అని తేల్చాడు. సాలమాండరు కప్పల వర్గానికి చేరిన జంతువు. ఆ తప్పువల్ల బైబిలు గౌరవం పెరగలేదు, షోయిక్‌జర్ పాండిత్యం మాత్రం పరిహాసపాత్రమైనది. పురాణానికి రాతిచిప్పను ఊతకర్రగా ఇచ్చినవారు, రేపు ఆ చిప్ప మరొక మాట చెప్పినప్పుడు పురాణాన్ని కూడ పడవేసినవారవుతారు. పురాణం తన కాళ్ళ మీద నిలువగలదు.

ఇక అన్నిటికంటె అత్యవసరమైన విషయం. ఈ పొరలున్న చోట్లు క్వారీలు. గౌరీపట్నం, దుద్దుకూరు ప్రాంతంలో నల్లరాయిని పగులగొట్టి కంకర చేస్తారు. ఆ కంకర రోడ్లకు, ఇళ్ళకు పోతుంది. పరిశోధన పత్రాలలో కనబడే క్వారీ పేర్లలో ఒకటి 'సున్నంరాళ్ళు'. జనం పెట్టిన ఆ పేరులోనే నల్లరాతి నడుమ సున్నపురాయి ఉన్నదన్న వార్త ఉన్నది. నల్లరాయి కావలసినవారికి నడిమి సున్నపుపొర అడ్డు మాత్రమే. క్వారీలను మూయమని కోరటం సులభం, కాని అది సమంజసం కాదు. తవ్వకపోతే ఆ పొర వెలుగు చూచేదే కాదు. పరిశోధకులు చదివిన గోడలన్నీ క్వారీవారు కోసి ఇచ్చినవే. పైగా అక్కడ రాయి కొట్టి బ్రతికే కుటుంబాలున్నాయి. కోరదగినది ఒక్కటే. అడుగు లావా, నడిమి సున్నపురాయి, పై లావా మూడూ స్పష్టంగా కనబడే ఒక్క గోడను, కొన్ని గజాల పొడవున, కొట్టకుండ విడిచిపెట్టాలి. దానిముందు తెలుగులో ఒక ఫలకం పెట్టాలి.

భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ గుర్తించిన స్మారకాలలో ఆంధ్రప్రదేశ్‌కు చెందినవి ఉన్నాయి. తిరుమల శిలాతోరణం, తిరుమల ఘాటు మార్గంలోని శిలావిచ్ఛేదం, మంగంపేట ముగ్గురాయి, విశాఖ సమీపంలోని ఎర్రమట్టి దిబ్బలు ఆ కోవలోనివి. తమిళనాట తిరువక్కరైలో రాళ్ళుగా మారిన చెట్ల మానులను కాపాడుతున్నారు. యామనపల్లి వద్ద దొరికిన కోటసారస్ ఎముకలను కూర్చి హైదరాబాదు బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నిలబెట్టారు. ఎముకలకు నీడ దొరికినది. సున్నపురాతి పొరకు కూడ అటువంటి నీడ కావాలి. భూవారసత్వ స్థలాల రక్షణకై కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయం కోసం ప్రకటించినది. అటువంటి సందర్భాలలో అభిప్రాయం చెప్పవలసినది భూవైజ్ఞానికులే అని మనం ఊరకుండటం తగదు. చెదలు తిన్న తాళపత్రాల విలువ తెలిసినవారు, గోదావరిలో కలిపివేసిన గ్రంథాలను తలచి బాధపడేవారు, పుట పోతే తిరిగి రాదన్న సంగతి ఎవరికంటెను బాగా ఎరుగుదురు.

మన కళాశాలలు తక్షణం చేయదగిన పనులు మూడున్నాయి. పురాణపాఠంలో సాలగ్రామ ప్రసక్తి వచ్చినప్పుడు శాస్త్రం చెప్పినదానిని, పురాణం చెప్పినదానిని వేర్వేరుగా, రెండింటికీ మర్యాద తప్పకుండ చెప్పటం మొదటిది. శిలాశాస్త్ర పరిభాషను వ్యాకరణ దృష్టితో పరిశీలించి, నల్లరాయి, నాపరాయి, ముగ్గురాయి, సున్నపురాయి వంటి వాడుక మాటలను కూడ చేర్చి ఒక పదసూచిని తయారుచేయటం రెండవది. రాజమహేంద్రవరం, కొవ్వూరు ప్రాంతాల విద్యార్థులను ఏటా ఒకసారి కాతేరుకో దుద్దుకూరుకో తీసుకొనిపోయి, ఆ పొరల వరుసను తాళపత్ర ప్రతిని వర్ణించినంత శ్రద్ధతో వ్రాయించటం, ఆ వర్ణనలను జిల్లా అధికారులకు పంపి ఒక్క గోడనైన విడువమని కోరటం మూడవది. ఈ మూడింటికి పెద్ద ధనం అక్కరలేదు. ఒక బస్సు, నాలుగు నోటుపుస్తకాలు, ఓపిక చాలును.

దుద్దుకూరు గోడ ఈ ఏడు ఉన్నట్లు వచ్చే ఏడు ఉంటుందన్న హామీ లేదు. ప్రతులు సేకరించేవారు పల్లెపల్లె తిరిగిన రోజులలో ఆలస్యం వల్ల పోయిన గ్రంథాలెన్నో మనకు లెక్క తెలియదు. ఈ విషయంలో అటువంటి ఆలస్యానికి మనం కారకులం కాకుండ విజ్ఞులైన సహాధ్యాపకులు ఆలోచింతురు గాక.